మేస్త్రీని మొదట కట్టిందెవరు

నాకు కోపం ఎక్కువని మా కాలేజీలో అంటారు. అది నిజం కాదు. నాకు కోపం సరిపడా ఉంది, మిగతావాళ్ళకే తక్కువైంది. ఇరవై ఆరేళ్ళుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. నా పేరు త్రిపురసుందరి. భవానీపురంలో ఉంటాం. ఎండాకాలం సెలవుల్లో మా ఆయన ఆవకాయకి ముక్కలు కొడతారు, నేను కొండపల్లి పని చూసుకుంటాను.

కొండపల్లి అంటే బొమ్మలనుకునేరు. కొండపల్లి లినక్స్. మా చుట్టుపక్కల కొన్ని బడుల్లో ఉన్న పాత కంప్యూటర్లు దీనిమీదే నడుస్తాయి. దీన్ని నడిపేవాళ్ళం పదకొండుమందిమి. జీతం లేదు, సన్మానం లేదు, ఎవరైనా ఫోన్ చేశారంటే అది ఏదో చెడిపోయిందని చెప్పడానికే. ఒక్కొక్కరం కొన్ని ప్రోగ్రాములు పంచుకుని, వాటి మూలం, అంటే మనుషులు రాసిన కోడు, తెచ్చుకుని, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా కట్టి, ప్యాకేజీలు చేసి పెడతాం. కొండపల్లికి ఉన్న నియమం ఒక్కటే. బయట ఎవరో కట్టి ఇచ్చినది ముట్టుకోకూడదు. ప్రతిదీ మూలం నుంచి మనమే వండుకోవాలి. మా అత్తగారి మడి దీని ముందు ఏ మూలకీ రాదు. ఆవిడ కనీసం పాల ప్యాకెట్టు ముట్టుకునేది.

నా వంతుకి వచ్చినవాటిలో చదువరి ఒకటి. తెరమీద ఉన్న తెలుగుని పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్ళ కోసం. ఈ చదువరిని కట్టాలంటే మేస్త్రీ అనే ఇంకో ప్రోగ్రాము కావాలి. ఏ ఫైలు ముందు, ఏది తర్వాత, ఏది లేకపోతే ఏది ఆగిపోతుంది అని చూసుకుంటూ వరసగా కట్టించేది మేస్త్రీ. ఇంటి దగ్గర మేస్త్రీ చేసే పనే.

మే నెల మొదటి వారంలో రుచిత నుంచి మెయిల్ వచ్చింది. రుచిత విశాఖపట్నంలో ఉంటుంది. కొండపల్లిలోకి ఏది రావాలో, ఏది పోవాలో తేల్చేది ఆ పిల్లే. ముప్పై ఏళ్ళుండవు, గొంతు పెంచదు, ఒప్పుకోదు.

"మేడమ్, మేస్త్రీ మూడేళ్ళుగా బయటివాళ్ళు కట్టిన రూపంలోనే మన దగ్గరికి వస్తోందని తేలింది. మే ఇరవైలోగా మూలం నుంచి కట్టకపోతే తీసేయాల్సి వస్తుంది. చదువరి కూడా దాంతో పోతుంది. సారీ మేడమ్."

మూడేళ్ళ క్రితం మడి తప్పి దాన్ని లోపలికి తెచ్చిన మహానుభావులెవరా అని చూశాను. నేనే. పరీక్షల హడావుడిలో, తర్వాత సరిచేద్దామని పెట్టాను. ఎవర్నీ తిట్టడానికి లేకుండా పోయింది. అదొక ఇబ్బంది.

ఆ సాయంత్రమే జాన్ పాల్ గారు ఫోన్ చేశారు. ఆయన మంగళగిరి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారు. పుట్టుకతోనే చూపు లేదు. ప్రతి సోమవారం ఫోన్ చేసి, చదువరి ఏ మాట తప్పు పలికిందో తారీఖుతో సహా చెబుతారు. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు.

"ఏంటండీ మేడమ్, మే ఇరవైకి మమ్మల్ని తీసేస్తన్నారంట?"

"మీకెవరు చెప్పారండీ?"

"చదువరే చెప్పిందండి. మీ మెయిలింగ్ లిస్టులో నేనూ ఉన్నాను కదండి, దాంట్లోకొచ్చిన మెయిల్ చదివి పెట్టింది."

తన చావు కబురు తనే చదివి వినిపించిందన్నమాట. ఒక్క అక్షరం కూడా తప్పు పలకలేదట.

"మాస్టారూ, పాతది మీ దగ్గర ఉంటుంది కదా," అన్నాను.

"ఉండదండి. జూన్లో బడి కంప్యూటర్లన్నిటికీ కొత్తది ఎక్కిస్తారు, పాతది తుడిచేస్తారు. ఫోన్లో చదివేది ఉందనుకోండి, దాంతో నలభై పేజీల పాఠం, మార్కుల పట్టికలు చేయలేనండి. మా ఆవిడ శాలిని ఇరవై ఏళ్ళు నాకు అన్నీ చదివి పెట్టిందండి. బంగారం లాంటి మనిషి. కాకపోతే, నాకు బాధ కలిగేవి వదిలేసి చదివేది. చదువరి వచ్చాక పాత మెయిళ్ళన్నీ మళ్ళీ విన్నాను. మా అన్నయ్య నన్ను తిడుతూ రాసినవి నాలుగున్నాయండి. పొలం గొడవ. ఒక్క ముక్క కూడా అప్పట్లో నా చెవిన పడలేదు. తమ్ముడు జవాబు కూడా ఇవ్వలేదనుకునే పోయాడు ఆయన. ఆరేళ్ళయింది."

"తిట్టయినా సరేనండి," అన్నారు ఆయన, "నాకు రాసింది నేనే చదువుకోవాలి."

సరేనండీ, కడతాను అన్నాను. ఎలా కట్టాలో అప్పటికి నాకు తెలియదు.

చిక్కు ఎక్కడుందంటే, మేస్త్రీని కట్టాలంటే మేస్త్రీ కావాలి. అది రాసినవాడు చాలా తెలివిగా, మేస్త్రీని మేస్త్రీతోనే కట్టుకునేలా రాశాడు. ఈ రంగంలో దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. రెండువందల పన్నెండు ఫైళ్ళున్నాయి. చేత్తోనే ఒక్కొక్కటీ కడదామని కూర్చుంటే, అందులో నలభై ఫైళ్ళు అసలు లేనే లేవు. కట్టేటప్పుడు మేస్త్రీయే వాటిని పుట్టిస్తుందట. చెట్టు ముందా విత్తు ముందా అని మా తాతగారు అడిగితే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు.

అయినా నాలుగో రోజు మధ్యాహ్నానికి మేస్త్రీ తయారైంది. గబగబా రుచితకి పంపించి, మా ఆయన్ని పిలిచి చూపించి, కాఫీ పెట్టమన్నాను. కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది.

"మేడమ్, మీ కంప్యూటర్లో ఇదివరకటి మేస్త్రీ ఒకటి ఇంకో ఫోల్డర్లో ఉన్నట్టుంది. పనంతా అదే చేసింది. ఖాళీ కంప్యూటర్ మీద నేను నడిపితే మొదటి లైన్లోనే ఆగిపోయింది."

మా ఆయన అచ్యుతరామారావు గారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ సంగతి ఆయనకి పట్టదు. విషయమంతా విని, "అంటే పెరుగు గిన్నె కడక్కుండా పాలు పోసి, తోడు లేకుండానే తోడుకుందన్నావన్నమాట," అన్నారు.

సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. పోలిక అంత సరిగ్గా కుదిరినందుకు.

ఆ సోమవారం జాన్ పాల్ గారు చేసినప్పుడు ఆ పోలికే వాడి జరిగింది చెప్పాను. తోడు లేనిదే పెరుగు కాదు, పక్కింటి తోడు మడికి పనికిరాదు, ఇదండీ మన పరిస్థితి అన్నాను.

"మా అమ్మ ఎండుమిరపకాయ తొడిమలు వేసేదండి," అన్నారు ఆయన.

"దేంట్లో?"

"పాలల్లోనండి. మా చిన్నప్పుడు ఇంట్లో తోడు అయిపోతే అడగడానికి మొహమాటం. గోరువెచ్చటి పాలల్లో నాలుగు తొడిమలు పడేసేది. ఆ పెరుగు నోట పెట్టలేమనుకోండి. కానీ దాన్నే తోడుగా వేస్తే రెండోసారికి కాస్త మెరుగు. మూడోసారికి మామూలు పెరుగే."

మేస్త్రీ పుట్టిన రోజున మేస్త్రీ లేదు. మరి ఆ రోజు దాన్ని దేంతో కట్టారు? ఏదో ఒక దిక్కుమాలిన తొడిమతోనే కట్టి ఉంటారు. ఆ తొడిమ దొరికితే చాలు.

మేస్త్రీ పాత వెర్షన్లన్నీ బయట అందరికీ కనిపించేలానే ఉన్నాయి. కానీ రెండో వెర్షన్ నుంచే ఉన్నాయి. ఒకటోది లేదు. రాసినతని పేరు అనంతకృష్ణ. పదమూడేళ్ళ క్రితం మా కాలేజీలోనే చదివాడు. నా విద్యార్థే. నిజం చెప్పాలంటే మొహం సరిగా గుర్తులేదు. గట్టిగా మాట్లాడే పిల్లలే గుర్తుంటారు, ఇతను మాట్లాడే రకం కాదు. ఇప్పుడు మంగళగిరిలో ఏదో చిన్న కంపెనీలో పనిచేస్తున్నాడని తెలిసింది. మర్నాడు పొద్దున్నే బస్టాండుకెళ్ళి మంగళగిరి బస్సెక్కాను. వారధి మీద గాలి కూడా వేడిగానే కొట్టింది.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గడ్డంలో నాలుగు తెల్ల వెంట్రుకలు. నేను కూర్చున్నాక కూడా నిలబడే ఉన్నాడు.

"కూర్చోవయ్యా. మేస్త్రీ మొదటి వెర్షన్ ఏది?"

"లేదండీ మేడమ్."

"లేకపోతే రెండోది ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"అదంత బావుండదండీ."

"నేనేమన్నా పెళ్ళిచూపులకొచ్చానా బావుండడానికి? ఎలా ఉన్నా ఇవ్వు."

"రేపు మెయిల్ చేస్తానండీ."

"రేపు వద్దు. ఇప్పుడే. చూపు లేని మాస్టారు ఒకాయన దీనిమీద ఆధారపడి ఉన్నాడు. ఇరవైలోగా తేలకపోతే ఆయన మళ్ళీ ఒకళ్ళ నోటితో చదువుకోవాలి."

అది విన్నాక నాకు టీ తెప్పించి, వీపు నా వైపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నలభై నిమిషాలకి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. నాలుగు ఫైళ్ళు కాపీ చేయడానికి నలభై నిమిషాలెందుకని అప్పుడు అడగాల్సింది. బస్సు వెళ్ళిపోతుందన్న కంగారులో అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే మొదటి వెర్షన్ మూలం, దాన్ని కట్టడానికి ఒక స్క్రిప్టు, అంటే యంత్రం వరసగా చేయాల్సిన పనుల చిట్టా, ఉన్నాయి. నూటఎనభై లైన్లు. చెబితే నమ్మరు, అంత ఘోరమైన స్క్రిప్టు నేను మొదటి సంవత్సరం పిల్లల దగ్గర కూడా చూడలేదు. ఒకే పని ఆరుచోట్ల ఆరు రకాలుగా రాసి ఉంది. తప్పు జరిగితే ఆగదు, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. రాసినవాడు ఎవడో గానీ వాడికి పుట్టెడు తొందర, బెత్తెడు ఓపిక లేదు. రెండు రోజులు కూర్చుని వాడికి వీలైనన్ని పేర్లు పెట్టాను. మా ఆయన వంటింట్లోంచి, "పాపం, ఎవరి కన్నబిడ్డో," అన్నారు.

"కని వదిలేశారు, పెంచలేదు," అన్నాను.

కానీ పని చేసింది. ఈసారి ఏమీ లేని కొత్త డిస్కు పెట్టి మొదలెట్టాను. ఆ దరిద్రపు స్క్రిప్టు ఒకటో మేస్త్రీని కట్టింది. ఒకటి రెండుని కట్టింది, రెండు నాలుగుని, నాలుగు ఇప్పుడు మనం వాడే ఆరుని. ఆఖరికి ఆరో మేస్త్రీ చేత దాన్ని అదే మళ్ళీ కట్టుకోమని, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క బిట్టు తేడా లేదు. గదిలో ఒక్కదాన్నే ఉండి చప్పట్లు కొట్టాను. సిగ్గుపడలేదు.

పద్దెనిమిదో తారీఖున రుచితకి పంపాను. ఆమె ఖాళీ కంప్యూటర్ మీద కూడా తయారైంది. కానీ మెయిల్ కింద ఇంకో లైనుంది.

"మేడమ్, మొదటి స్క్రిప్టు ఎవరు రాశారో లేదు. పేరు, పంచుకోవచ్చన్న అనుమతి లేకుండా మనం తీసుకోం కదా. రేపటిలోగా ఇవ్వగలరా?"

అదీ నియమమే. అనామకుల సరుకు కొండపల్లి గడప తొక్కదు. వెంటనే అనంతకృష్ణకి ఫోన్ కొట్టాను.

"ఆ స్క్రిప్టు రాసిన దద్దమ్మ ఎవడయ్యా? నువ్వు కాదని నాకు తెలుసు, నీ చేతి రాత రెండో వెర్షన్‌లో చూశాను. వాడి అనుమతి కావాలి. నంబరివ్వు, నేనే మాట్లాడతాను."

అవతల చప్పుడు లేదు.

"ఉన్నావా?"

"ఉన్నానండీ. ఆ నంబరు మీ దగ్గరే ఉందండీ."

"నా దగ్గరెందుకుంటుంది?"

"అది మీరే రాశారండీ మేడమ్."

మొదట నవ్వాను. తర్వాత అతను అసలు ఫైలు పంపించాడు. నాకిచ్చినదాంట్లో నలభై నిమిషాలు కూర్చుని తీసేసిన వ్యాఖ్యలన్నీ, అంటే కోడు మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాటలన్నీ, అందులో ఉన్నాయి. పైన నా పేరు, తారీఖు. మూడో సంవత్సరం ల్యాబ్‌లో పిల్లల ప్రోగ్రాములన్నీ ఒకేసారి కట్టి చూడడానికి నేను రాసి, ల్యాబ్ కంప్యూటర్లలో పడేసిన స్క్రిప్టు. మొదటి మేస్త్రీని అతను దాంతోనే కట్టాడట. తెలుగులో టైపు చేయడం కొత్తగా వచ్చిన సంబరంలో అప్పట్లో వ్యాఖ్యలన్నీ తెలుగులోనే రాసేదాన్ని. యాభై రెండో లైను దగ్గర ఇలా ఉంది:

"ఫైలు పేరు మధ్యలో ఖాళీ వదలొద్దని రోల్ నంబర్ 27కి పన్నెండుసార్లు చెప్పాను. వీడి బుర్రకి ఎక్కదు. కంప్యూటర్లు వదిలేసి ఇంకేదైనా పని చూసుకుంటే వాడికీ మంచిది, మనకీ మంచిది."

తరగతిలో అరవైమంది. అందరి కంప్యూటర్లలోనూ ఆ ఫైలు ఉండేది.

"ఇరవై ఏడు ఎవరు?" అన్నాను.

"నేనేనండీ."

"మరి... ఎందుకు దాచావు?"

"మేస్త్రీ అందరికీ ఇద్దామనుకున్నప్పుడు మీ స్క్రిప్టు చూసి ఎవరైనా నవ్వుతారేమోనని భయమేసిందండీ. చదువు చెప్పినవాళ్ళ తప్పు బజార్లో పెట్టకూడదు కదండీ. అందుకని మొదటి వెర్షన్ మొత్తం తీసేసి, రెండో దాన్నుంచే మొదలైనట్టు పెట్టేశాను."

ఇలాంటి గౌరవం వల్ల ఒక ప్రోగ్రాము తల్లిని పోగొట్టుకుందని ఏ పుస్తకంలోనూ రాయరు. ఇంకో ఊళ్ళో అయితే శిష్యుడు ఆ లైను ఫ్రేమ్ కట్టించి పెట్టుకుని, నాకు చూపించి పగ తీర్చుకునేవాడు. ఇతను పదమూడేళ్ళు నా పరువు కాపాడాడు. ఆ పదమూడేళ్ళలో ఒక్కసారైనా అతని మొహం నాకు గుర్తు రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అంటే, ఊరు మంచిదైతే కదా అని ఎదురు చెప్పేదాన్ని. ఆ రోజు భోజనం చేయలేకపోయాను. సిగ్గేసింది. ఇంతకంటే మర్యాదైన మాట దొరకలేదు.

నా పేరున్న ఈ అసలు ఫైలే ఇక రుచితకి వెళ్ళాలి. పంపేముందు యాభై రెండో లైను తీసేయడం క్షణంలో పని. రాసింది నేనే కాబట్టి తీసే హక్కు కూడా నాదే. రుచిత అడగదు. అనంతకృష్ణ సంతోషిస్తాడు. ఆ లైను మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జాన్ పాల్ గారి ఇంట్లో కూడా ఇదే జరిగింది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ప్రేమగా నాలుగు లైన్లు వదిలేశారు, అన్నదమ్ములు మాట్లాడుకోకుండానే ఒకరు పోయారు. ఆయనకి రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు అందాలని చదువరి కడుతూ, దాని పునాదిలోనే నాకు నచ్చని లైను వదిలేస్తే, ఇక నేను కట్టేదేమిటి?

మళ్ళీ ఫోన్ చేశాను.

"అనంతకృష్ణా, ఆ లైను ఉంచుతాను. నీకు అభ్యంతరమైతే చెప్పు, తీసేస్తాను. తిట్టింది నేనే గానీ పడింది నువ్వు."

"ఉంచండి మేడమ్. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది కదండీ. ఇక మీ దగ్గర ఉండనివ్వండి."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. రచయిత పేరు రాయాల్సిన చోట నా పేరు రాశాను. అనుమతి ఇచ్చాను. దాని కింద ఇంకో వాక్యం చేర్చాను: "యాభై రెండో లైనులో ఉన్నది తప్పు. నన్ను క్షమించమని అతన్ని అడుగుతున్నాను." పందొమ్మిది మధ్యాహ్నం రుచిత, "తీసుకున్నాం మేడమ్," అని రెండు ముక్కలు పంపింది.

జూన్ పన్నెండున బడులు తెరిచారు. కంప్యూటర్లకి కొత్త కొండపల్లి ఎక్కింది, చదువరితో సహా. ఆ తర్వాతి సోమవారం జాన్ పాల్ గారి ఫోన్ రాలేదు. చెడిపోయిందేమోనని రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. నేనే చేద్దామనుకుంటుంటే ఆయనే చేశారు.

"ఏం మాస్టారూ, ఏం తప్పు పలికింది?"

"ఏం లేదండి, బ్రహ్మాండంగా పలుకుతోంది. మా బడికి తనిఖీ రిపోర్టొచ్చిందండి. హెడ్మాస్టారు, మీ గురించి రాసింది నేను చదివి చెప్తాలెండి అన్నారు. వద్దండి, మెయిల్ పెట్టండి అన్నాను."

"పెట్టారా?"

"పెట్టారండి. మూడో పేజీ, రెండో పేరా. 'చూపు లేని కారణంగా ఈ ఉపాధ్యాయునికి మ్యాపు పాఠాలు అప్పగించరాదు' అని ఉందండి. ఆయన చదివి ఉంటే ఆ ముక్క నాకు వినిపించేది కాదు. పాఠాలు మాత్రం మెల్లగా తీసేసేవారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడండీ ఆ రాసినవాడు? వాడికి కళ్ళున్నాయిగా, ఏం చూశాడట? పేరు చెప్పండి, నేను రాస్తాను. ఇలాంటివాళ్ళని..."

"మేడమ్, మేడమ్," అన్నారు జాన్ పాల్ గారు. "మీరు కోప్పడకండి. చదివింది నేను కదండి. కోపం నాది."

నోరు మూసుకున్నాను.

"జవాబు రాశానండి, రెండు పేజీలు. గీతలు చేతికి తగిలేలా పటాలు చేసి పదహారేళ్ళ నుంచి ఎలా చెప్తున్నానో అంతా రాశాను. రేపు పంపిస్తా. పంపేముందు ఒకసారి వింటారా?"

వింటానన్నాను. ఆయన చదువరిని నొక్కారు. ఆయన మాటలు యంత్రం గొంతుతో మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఆగకుండా వచ్చాయి. మంచి కోపం అది. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.